సంక్రాంతి అరిసె సరే, నాలుగింటి మిక్చర్ మాటేమిటి?

మీరు అడిగింది ఇదీ. ఐదు నెలల క్రితం బరువు తగ్గడానికి కడుపుని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయింది. ఇప్పటికి 24 కిలోలు తగ్గారు. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో తీపి, వేపుళ్లు వద్దని రాసి ఉంది. సంక్రాంతికి అత్తారింట్లో అరిసెలు వండుతున్నారు, "పండగ పూట ఒక్కటి తింటే ఏమవుతుందమ్మా" అంటున్నారు అత్తయ్యగారు. తినొచ్చా, తింటే ఇన్నాళ్ల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. తినొచ్చు. ఒక్కటి కాదు, పావు ముక్క. భోజనం అయ్యాక, కూర్చుని, బాగా నమిలి. దాంతో మీ 24 కిలోలు తిరిగి రావు. బరువును వెనక్కి తెచ్చేది అరిసె కాదని నేను 9 కిలోలు పెరిగి మరీ తెలుసుకున్నాను.

నేను డాక్టర్ని కాను. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. 2016లో బైపాస్ చేయించుకున్నాను, గుండెకి కాదు, బరువు తగ్గడానికి కడుపుకి చేసేది. అప్పటికి 118 కిలోలు. ఏడాదిన్నరకి 72కి వచ్చాను, ఆ తర్వాత 81కి ఎక్కాను, ఇప్పుడు 75 దగ్గర అటూ ఇటూ ఊగుతున్నాను. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లూ, చేయించుకుని బెంగపడేవాళ్లూ ఎవరో ఒకరు వారానికోసారి ఫోన్ చేస్తూనే ఉంటారు. అందులో సగం ఫోన్లు మీ ప్రశ్నే. దసరాకి ముందు కొన్ని, సంక్రాంతికి ముందు మరికొన్ని.

నాకు మొదటి పాఠం తణుకులో మా పిన్ని కూతురి పెళ్లిలో జరిగింది. ఆపరేషన్ అయి ఏడో నెల. ముహూర్తం మధ్యాహ్నం దాకా సాగింది, పొద్దున్నుంచి నా కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. ఆకు వేసి మొదట బొబ్బట్టు వడ్డించారు, పైన నెయ్యి పోశారు. సగం తిన్నాను. ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది. దానిమీద రెండు గుక్కలు పాయసం తాగాను. పావుగంట కాలేదు, గుండె దడదడలాడటం మొదలైంది. పట్టుచీర వీపంతా చెమటతో అతుక్కుపోయింది, కడుపులో మెలిపెట్టేస్తోంది, కళ్ల ముందు మసక. పెళ్లికూతురి గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఒకావిడ దిష్టి అంది. ఇంకొకాయన పరిగెత్తుకెళ్లి గ్లూకోజు నీళ్లు కలుపుకొచ్చాడు. పాపం మంచి మనసే గానీ, అది తాగి ఉంటే ఇంకో విడత అనుభవించేదాన్ని. ముప్పావుగంటకి తేరుకుని విరేచనాలతో బయటపడ్డాను. దీన్నే డంపింగ్ అంటారని ఆపరేషన్ ముందు చెప్పారు, నేను తలూపాను కూడా. వినడం వేరు, చాప మీద పడుకోవడం వేరు.

లోపల జరిగేది ఇది. మామూలు కడుపు చివర ఒక కండరపు ద్వారం ఉంటుంది. తిన్నదాన్ని మెత్తగా చేసి, కొంచెం కొంచెంగా పేగులోకి వదలడం దాని పని. బైపాస్‌లో డాక్టర్లు కడుపు పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని తిన్నగా చిన్నపేగుకి కలిపేస్తారు. ఆ ద్వారం ఇక దారిలో ఉండదు. చిక్కటి తీపి ఒక్కసారిగా పేగులో పడితే, దాన్ని పలచన చెయ్యడానికి ఒంట్లోని నీరు రక్తంలోంచి పేగులోకి దిగుతుంది. దడ, చెమట, విరేచనం చాలావరకు అందుకే. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో మొదలవుతుంది. ఇంకో రకం కూడా ఉంది, గంట నుంచి మూడు గంటల తర్వాత వచ్చేది. తీపి ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కేసరికి ఇన్సులిన్ అవసరానికి మించి వస్తుంది, అప్పుడు షుగర్ పడిపోతుంది. చేతులు వణుకుతాయి, విపరీతమైన ఆకలి వేస్తుంది, మాట తడబడుతుంది.

మీది స్లీవ్. కడుపుని నిలువుగా కోసి మూడొంతులకు పైగా తీసేస్తారు, మిగిలింది అరటికాయలా సన్నటి గొట్టం. కానీ చివరి ద్వారం అలాగే ఉంటుంది. అందుకని మీకు డంపింగ్ వచ్చే అవకాశం తక్కువ. అసలు రాదని కాదు, తక్కువ.

ఇది చదివి అమ్మయ్య అనుకోకండి. తీపి జోలికి వెళ్తే లాఠీ తీసే పోలీసు ఒకడు మా బైపాస్ వాళ్ల కడుపులో ఉంటాడు. మీకు ఉన్నా మెతక మనిషే. నాకూ మూడో ఏడు వచ్చేసరికి పోలీసు బదిలీ అయిపోయాడు. చాలామందికి డంపింగ్ కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరికి మొదటినుంచీ రాదు. అప్పుడే నా అసలు కథ మొదలైంది.

మా బ్రాంచిలో నాలుగింటికి టీ వస్తుంది. కౌంటర్ మూసేశాక లెక్కలు చూసుకునే వేళ. ఎవరో ఒకరు సొరుగులోంచి మిక్చర్ పొట్లం తీసి కాగితం మీద పోస్తారు. నేను స్వీటు ముట్టను కదా, కాబట్టి నేను నియమంగా ఉన్నట్టే లెక్క. ఒక పిడికెడు మిక్చర్ తీసుకునేదాన్ని. ఒక గుక్క టీ, నాలుగు కారప్పూస ముక్కలు, ఒక గుక్క టీ, రెండు పల్లీలు. కళ్లు కంప్యూటర్ మీద ఉండేవి, చెయ్యి కాగితం మీద తిరిగేది. కాగితం ఖాళీ అయ్యేసరికి రెండు పిడికిళ్లు లోపలికి పోయేవి, కడుపు నిండినట్టు అనిపించేదే కాదు.

ఎందుకు అనిపించలేదో తర్వాత మా డైటీషియన్ చెప్పింది. కోడికూర ముక్క, ఉడికించిన గుడ్డు, గుగ్గిళ్లు లాంటివి గట్టి పదార్థాలు. ఆ చిన్న సంచిలో కూర్చుని "చాలు" అనిపిస్తాయి. కారప్పూస, చేగోడీ, బిస్కెట్, చిప్స్ నోట్లో పొడి అయిపోతాయి. వెనకాల టీ తాగితే జావై జారిపోతాయి. సర్జన్ కష్టపడి కట్టిన అడ్డం వాటికి అడ్డమే కాదు. జంతికలైనా, తెలంగాణలో మన చుట్టాలు పంపే సకినాలైనా ఇదే వరస. మన ఇళ్లలో ఇవన్నీ పెద్ద స్టీలు డబ్బాల్లో నెలల తరబడి నిలవుంటాయి, అటు వెళ్తూ ఒకటి, ఇటు వస్తూ ఒకటి. నిలబడి తిన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

లెక్క వేద్దాం. మిక్చర్ 100 గ్రాములకి 500 కేలరీలకి పైమాటే. నా రెండు పిడికిళ్లు 60 గ్రాములు, అంటే రోజుకి 300. నెలకి 26 పనిదినాలు వేసుకున్నా 7,800 కేలరీలు. కిలో కొవ్వు విలువ దాదాపు అంతే అంటారు. ఒంట్లో జరిగేది కాగితం మీద లెక్కంత సూటిగా ఉండదు గానీ, రెండేళ్లలో నా 9 కిలోలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతుక్కోనక్కర్లేదు. ఆ రెండేళ్లలో పండగలకి నేను తిన్న తీపి మొత్తం పోగేసినా రెండు నెలల మిక్చర్‌కి సరితూగదు.

అందుకే "అప్పుడప్పుడు తినొచ్చా" అని అడిగేవాళ్లని నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏది తింటారని కాదు, ఆ అప్పుడప్పుడు ఎప్పుడెప్పుడు? సంక్రాంతి, ఉగాది, తమ్ముడి పెళ్లి అంటే క్యాలెండర్ చూసి చెప్పగలరు. "టీతో పాటు" అంటే అది అప్పుడప్పుడు కాదు, రోజూ.

కొంత బరువు తిరిగి వస్తే ఆపరేషన్ చెడిపోయిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. స్వీడన్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది, దాని ఫలితాలు 2007లో వచ్చాయి. బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు, పదేళ్లు తిరిగేసరికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత వెనక్కి రావడం మామూలే, ఎక్కువ భాగం నిలుస్తుంది. మా ఆయన ఈ అంకె చూశాకే నన్ను సూటిపోటి మాటలు అనడం మానేశాడు.

ఇక ఐదో నెలలో ఉన్న మీ సంగతి. ఇప్పుడు అరిసెతో వచ్చే చిక్కు కేలరీలు కాదు, చోటు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కడుపు పైభాగంలో. మీకు ఆ భాగం తీసేశారు, అందుకే ఆకలి అంతగా తెలియట్లేదు. ఉన్న సంచి చిన్నది, రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందులోంచే వెళ్లాలి. గుడ్డుకి 6 గ్రాములు. వంద గ్రాముల పెరుగుకి మూడున్నర. ఎంత కూడితే 60 అవుతుందో చూడండి. పప్పు నీళ్లతో అయ్యే పని కాదు. నాలుగింటికి ఒక అరిసె మొత్తం తిన్నారనుకోండి, రాత్రి ఎనిమిదైనా కడుపు బరువుగానే ఉంటుంది, తినాల్సిన పనీరో చేపో మానేస్తారు. రోజూ అలా జరిగితే కండ కరుగుతుంది. దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా జుట్టు వస్తుంటే ఒక కారణం వేగంగా తగ్గిన బరువు, ఇంకో కారణం ఈ ప్రొటీన్ లోటు. మొన్న ఒకమ్మాయి జుట్టు రాలిపోతోందని ఏడ్చింది. తిన్నవన్నీ చెప్పమంటే పొద్దున రెండు మేరీ బిస్కెట్లు, మధ్యాహ్నం రెండు ముద్దలు పెరుగన్నం, సాయంత్రం జ్యూసు. తిట్టడానికి నోరు రాలేదు.

కాబట్టి పండగ రోజు నేనైతే ఇలా చేస్తాను. ముందు గట్టిగా ప్రొటీన్ ఉన్న భోజనం చేస్తాను. ఖాళీ కడుపుతో తీపి జోలికి పోను, తణుకు పెళ్లి చాలు. పళ్లెంలో పది రకాలున్నా ఒక్కటే ఎంచుకుంటాను, నిజంగా ఇష్టమైనది. మొహమాటానికి మైసూర్ పాక్ తినను, ఎందుకంటే అది నాకు ఇష్టం లేదు. నా బలహీనత పూతరేకు. ఆత్రేయపురం మాకు గోదావరి దాటితే వచ్చేస్తుంది, ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ ఒక పెట్టె పట్టుకొస్తాడు. పూతరేకు మహా మోసకారి, నాలిక మీద పెట్టగానే కరిగిపోతుంది, సంచికి తెలిసేలోపు పేగులో ఉంటుంది. అందుకని కత్తెర తెచ్చి నాలుగు ముక్కలు కత్తిరిస్తాను, ముందు మూడు ముక్కలు పంచేస్తాను. మిగిలిన ముక్కని మా అబ్బాయి అన్నప్రాశన నాటి వెండిగిన్నెలో పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, ఐదు నిమిషాలు తింటాను. ఫోన్ పక్కగదిలో ఉంటుంది. అరగంట దాకా నీళ్లు తాగను. పెట్టె సంగతి అంటారా, అదే సాయంత్రం పక్కింటికి పోతుంది. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ముందు నిలబడ్డ నన్ను నేను నమ్మను.

అరిసె ఒక రకంగా పూతరేకు కంటే నయం. తడిపిండి, బెల్లం పాకం, నూనెలో వేయించి అరిసెల చెక్కల మధ్య నొక్కినా మిగిలే నూనె, ఆపైన నువ్వులు. ఆరోగ్యానికి గొప్పదేం కాదు గానీ, నమలక తప్పదు. సాగుతుంది. ఐదో నెలలో సరిగ్గా నమలకుండా మింగితే ముద్దలా అడ్డం పడి రొమ్ము మధ్య నొప్పి వస్తుంది, నోట్లో ఉమ్మి ఊరిపోతుంది. అన్నం, బ్రెడ్డు కూడా కొందరికి అలాగే అడ్డం పడతాయి. అందుకే పావు ముక్క అన్నాను, దాన్ని కూడా చిటికెల్లాగ తుంచుకుని తినండి.

మీ అత్తయ్యగారు ఈపాటికి "బెల్లమేగా, పంచదార కాదుగా" అని ఉండాలి. మా అమ్మ కూడా అంది. బెల్లంలో కూడా ఉన్నది చాలావరకు అదే చక్కెర, పేగుకి రంగు తెలియదు. తేనె, ఖర్జూరం లడ్డూ కూడా ఆ తాను ముక్కలే. సున్నుండ అయితే "మినుములు, బలం" అంటారు. నిజమే, మినుముల్లో ప్రొటీన్ ఉంది, కానీ ఉండలో సగం బెల్లం, నెయ్యి. ఒక సున్నుండలో దొరికే ప్రొటీన్ ఒక గుడ్డుకి కూడా సాటిరాదు. షుగర్‌ఫ్రీ అని అమ్మే మిఠాయిల్లో చక్కెర బదులు వాడే మాల్టిటాల్ లాంటివి గ్యాసు, విరేచనాలు తెస్తాయి, నెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. నన్నడిగితే అసలు అరిసె పావు ముక్క తిని ఊరుకోవడమే మేలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఐస్‌క్రీమ్ కరిగి జారే రకం, రెండు చెంచాలకి మించి వద్దు. చెరుకురసం, పండ్లరసాలు తాగే తీపి, వాటికంటే పండే నయం. కూల్‌డ్రింకులు అసలు వద్దు, గ్యాసుతో సంచి ఉబ్బుతుంది, దాంట్లో చక్కెర సంగతి సరేసరి. గారె మీద చాలామందికి భయం, నేను ఒక చిన్న గారె పెరుగులో నానబెట్టి తింటాను, హాయిగా ఉంటుంది. మందు అలవాటున్న మగవాళ్లకి ఒక మాట: ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్‌లో, తాగింది త్వరగా, ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. పాత కొలత కుదరదు. తిండి మీద యావ తీరక దాని మీదికి మళ్లినవాళ్లని చూశాను. దాన్ని "అప్పుడప్పుడు" ఖాతాలో వెయ్యకండి.

ఇంట్లోవాళ్లతో ఎలా అంటారా? "నేను తినను" అంటే మనవాళ్లు ఊరుకోరు, అది వాళ్లకి అవమానం. "డాక్టరు వద్దన్నాడు" అంటే డాక్టర్నే తిడతారు. నాకు పనిచేసింది ఒక్కటే, ముందే అడగడం. "అత్తయ్యా, నాకోసం ఒకటి చిన్నది, రూపాయి బిళ్లంత వత్తండి, అదే తింటాను" అన్నాను ఒక సంక్రాంతికి. ఆవిడ అలాంటి చిన్న అరిసెలు నాలుగు వత్తి, వేరే గిన్నెలో మూతపెట్టి, "ఇవి మా కోడలివి" అని ఎవర్నీ ముట్టనివ్వలేదు. వడ్డించడంలో ఆవిడకి తృప్తి మిగిలింది, నాకు రోజుకొకటి చొప్పున నాలుగు రోజుల పండగ మిగిలింది. ప్రసాదానికి ఇంత రాయబారం అక్కర్లేదు. తిరుపతి పెద్ద లడ్డూ సంగతి పక్కన పెట్టండి, మామూలు లడ్డూనే 175 గ్రాముల దాకా ఉంటుంది. చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నా ప్రసాదమే. స్వామి తూకం వేసి చూడడు.

తిన్న మర్నాడు మాత్రం శిక్ష వేసుకోవద్దు. భోజనం మానేస్తే సాయంత్రానికి నీరసం, ఆ నీరసానికి మళ్లీ బిస్కెట్. మామూలుగా గుడ్డుతో రోజు మొదలుపెట్టండి, విటమిన్ మాత్రలు వేసుకోండి, బరువు చూసుకునే మిషన్ ఎక్కకండి వారం దాకా.

ఒకరకం మనుషులకి మాత్రం నా జవాబు వేరు. ఆపరేషన్‌కి ముందు ఒక్కటి నోట్లో పడితే డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగలేని అలవాటు ఉన్నవాళ్లు, ఎవరూ చూడకుండా తినేవాళ్లు. కత్తెరలూ వెండిగిన్నెలూ వాళ్లకి పనిచేయవు. కడుపు కోసినంత మాత్రాన ఆ తీరు పోదు, అది సిగ్గుపడాల్సిన సంగతీ కాదు. పండగకి ముందే డైటీషియన్‌తో, వీలైతే మానసిక వైద్యులతో మాట్లాడాలి. ఈ ఏడాదికి పావు ముక్క కూడా వద్దంటాను.

ఇంకో హెచ్చరిక. ఏం తిన్నా వాంతులు అవుతూ, రెండు మూడు రోజులు తగ్గకపోతే అరిసె పడలేదని ఇంట్లో కషాయాలు తాగుతూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్లండి. అలా వాంతులు సాగితే బి1 విటమిన్ పడిపోయి నరాలకి చేటు చేస్తుంది.

మీకు షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉండి, ఇంకా ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలుగానీ వాడుతుంటే నేను పైన చెప్పిన పావు ముక్క మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 24 కిలోలు తగ్గాక పాత మోతాదు ఎక్కువైపోయి ఉండొచ్చు. భోగికి ముందే మీ డాక్టరుకి ఒక ఫోన్ చేసి మోతాదు సరిచేయించుకోండి, ఆ తర్వాతే అత్తయ్యగారిని రూపాయి బిళ్లంత అరిసె వత్తమనండి.